మల్లన చదరంగ సంఖ్య: పొగడ్తకా, పాఠానికా?

ఆంధ్ర సాహిత్య చరిత్రలలో పావులూరి మల్లనకు దక్కిన చోటు మిక్కిలి ఇరుకైనది. రాష్ట్రకూట నృపతుంగుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహాన్ని తెనిగించినాడని, తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు ఆద్యులలో ఒకడని, 11వ శతాబ్దివాడని కొందరు, 12వ శతాబ్దివాడని మరికొందరు తలచినారని చెప్పి చరిత్రకారులు ముందుకు సాగిపోతారు. ఆ తరువాత ఆయన పేరు వినబడేది ఒక్క సందర్భంలోనే. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు రెట్టించుకొంటూ 64 గళ్లూ నింపితే మొత్తమెంత అను ప్రశ్నకు సమాధానముగా మల్లన పేర ప్రసిద్ధమైన చంపకమాల ఒకటి ఉన్నది. అందులోని సమాధానం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై స్థానాల సంఖ్య.

ఈ పద్యాన్ని ఉదాహరించేవారు సాధారణముగా రెండు మాటలు అంటారు. ఇంత పెద్ద సంఖ్యను ఆ రోజులలోనే చెప్పినాడే అన్నది ఒకటి. నేటి 64 బిట్ల కంప్యూటరు ఒక గడిలో ఇముడ్చుకోగల గరిష్ఠ సంఖ్య సరిగ్గా ఇదేనన్నది రెండవది. రెండూ అసత్యాలు కావు. కాని రెండింటివల్లా మల్లనకు గాని, విద్యార్థికి గాని ఒరిగేది లేదు. సంఖ్య పెద్దదన్నంత మాత్రాన గొప్పది కాదు. భాస్కరాచార్యుని లీలావతిలో స్థాననామాలు పదునెనిమిది, పరార్ధంతో ముగుస్తాయి. ఆ లెక్కన ఈ సంఖ్య 184 పరార్ధాలకు పైబడి, పేరులేని చోటికి పోతుంది. మహావీరుడు మహాక్షోభ వరకు ఇరువదినాలుగు స్థానాలకు పేర్లు పెట్టినాడు గనుక ఆయన పట్టికలో దీని తొలి అంకె మహాశంఖ స్థానమున కుదురుగా కూర్చుంటుంది. అనగా మూలగ్రంథం ఎరిగినవారికి ఇది భయపెట్టే సంఖ్యయే కాదు. ఇక చదరంగపు మొత్తాన్ని క్రీ.శ. 1000 ప్రాంతమున అల్బెరూనీ కూడ లెక్కించి చూపినాడు. ప్రపంచమున ప్రథముడన్న బిరుదు మల్లనకు తగిలించడం అనవసరం. కంప్యూటరు సంగతి మరీ విడ్డూరం. ఆ యంత్రమున్నూ రెట్టింపు మీదనే నడుస్తున్నది గనుక ఇరువురి గరిష్ఠ సంఖ్య ఒకటే అయినది తప్ప, ఒకరు మరొకరిని ముందుగా చూడలేదు.

ఈ సంఖ్యకు అసలైన బంధువు ఎక్కడ ఉన్నది? గణితశాలలో కాదు, ప్రాచ్యకళాశాలలోని ఛందస్సు తరగతిలో. ఈ బాంధవ్యాన్ని మన బోధన విస్మరించినది.

ఛందస్సు చదివిన ప్రతి విద్యార్థికీ షట్ప్రత్యయాలు తెలుసు. ఉద్దిష్టం అనగా ఇచ్చిన పాదం ప్రస్తారంలో ఎన్నవదో కనుగొనే పద్ధతి. పాదంలోని అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8 అని రెట్టించుకొంటూ వ్రాసి, లఘువుల మీద పడిన అంకెలను కూడి, ఒకటి కలిపితే వృత్తసంఖ్య వస్తుంది. ఈ క్రమముననే చంపకమాల 21 అక్షరాల ప్రకృతి ఛందస్సులోని 20,97,152 వృత్తాలలో 7,11,600వది అగుచున్నది. ఇప్పుడు అక్షరాల స్థానమున చదరంగపు గళ్లను ఊహించుకొన్నచో ఏమవుతుంది? 64 గళ్ల మీద 1, 2, 4, 8 అని రెట్టించి వ్రాయడం, 64 అక్షరాల పాదమునకు ఉద్దిష్టం వేయడం ఒకే పని. ఆ అక్షరాలన్నీ లఘువులే అయినచో వాటి మీది అంకెల మొత్తమే మల్లన చెప్పిన సంఖ్య. దానికి ఒకటి కలిపితే 64 అక్షరాల ప్రస్తారంలో సర్వలఘు పాదం ఎన్నవదో తెలుస్తుంది. అదే చిట్టచివరిది. ఒకటి నుండి ఇరవై ఆరు అక్షరాల వరకు గల సమవృత్తాలన్నీ కలిపి 13,42,17,726 అని మన విద్యార్థులు కంఠస్థం చేస్తారు. ఆ సంఖ్యా ఈ సంఖ్యా ఒకే చెట్టు కొమ్మలు. మొదటిది 2తో మొదలై 26 మెట్లు ఎక్కినది, రెండవది 1తో మొదలై 64 మెట్లు ఎక్కినది.

అరువది మూడు సార్లు రెట్టించి, వచ్చిన వాటినన్నిటినీ కూడవలెనా? అక్కరలేదు. దీనికి పింగళుడే దారి చూపినాడు. ఆయన ఛందశ్శాస్త్రంలోని సంఖ్యా ప్రక్రియను మహావీరుడు గుణోత్తర శ్రేఢికి అన్వయించినాడు. అక్షరసంఖ్య సరిసంఖ్య అయితే సగం చేయవలెను, బేసి అయితే ఒకటి తీయవలెను. తిరిగి వచ్చేటప్పుడు సగం చేసిన చోట వర్గం, ఒకటి తీసిన చోట రెట్టింపు. 64ను ఆరుసార్లు సగం చేస్తే 1 మిగులుతుంది. కాబట్టి 2ను ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 4, 16, 256, 65,536, 429,49,67,296 వచ్చి, ఆరవ వర్గం మల్లన సంఖ్యకు ఒకటి ఎక్కువగా తేలుతుంది. 16 మొదలు ప్రతి వర్గం 6తోనే ముగుస్తున్నది గనుక, ఒకటి తీసిన ఫలితం 5తో ముగియక తప్పదు. పద్యం మొదటి మాట, అనగా ఏకస్థానపు మాట, బాణమును తెలిపేది కావడానికి కారణమిదే.

ఈ ఆరు మెట్ల దారిలోనే సంఖ్య స్వభావం కూడ దాగి ఉన్నది. రెండు వర్గముల భేదం వాటి మూలముల మొత్తమును భేదముచే గుణించినదానికి సమానమన్న సూత్రం మన గణితంలో చిరపరిచితం. దానిని మెట్టుమెట్టునా ప్రయోగించినచో మల్లన సంఖ్య 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అను ఆరింటి గుణకారముగా విడిపోతుంది. పైన వచ్చిన వర్గాలకు, మొదటి 2కు ఒక్కొక్కటి కలిపితే వచ్చినవే ఈ ఆరు. అనగా పింగళుడు సగం చేసిన ప్రతి మెట్టూ ఒక కారణాంకమును ఇచ్చినది. వీనిలో మొదటి అయిదు ప్రధాన సంఖ్యలు. ఈ రూపమున ఉన్న సంఖ్యలన్నీ ప్రధానములే అయి ఉండునని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా తలచినాడు. ఆరవది కాదని 1732లో ఆయిలరు చూపినాడు. అది 641ను 67,00,417 చే గుణించగా వచ్చినది. కాబట్టి మల్లన సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు. ఏదియు రెండుసార్లు రాదు. ఏడింటినీ ఏ విధముగా కలిపినా ఒక భాజకం వస్తుంది గనుక మొత్తం భాజకాలు 128. అది మళ్లీ 2కు ఏడవ ఘాతం, ఏడు అక్షరాల ఉష్ణిక్కు ప్రస్తారసంఖ్య. తన్ను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కూడినా అవి సంఖ్యలో పదింట ఏడు వంతులకు కొంచెం మించుతాయి తప్ప సంఖ్యను అందుకోలేవు. గణితజ్ఞులు దీనిని న్యూనసంఖ్యల కోవలో చేరుస్తారు. ఇరవై స్థానాల ఆడంబరం ఉన్నా పరిపూర్ణ సంఖ్య అన్న గౌరవం 6కు, 28కి ఉన్నది గాని దీనికి లేదు. రెట్టింపుతోనే పుట్టిన ఈ సంఖ్య దశాంశ రూపమున ఇరవై అంకెలలో ఎక్కడా 2 కానరాకపోవడం ఒక వినోదం మాత్రమే, దానికి శాస్త్రార్థం వెదకనక్కరలేదు.

ఇట్టి వర్గీకరణ మన సంప్రదాయానికి పరాయిది అనేవారు మహావీరుని చూడవలెను. గుణకారఫలం ఎడమ నుండి చదివినా కుడి నుండి చదివినా ఒకటిగా ఉండే సంఖ్యలను ఆయన కంఠాభరణాలన్నాడు. 139ని 109 చే గుణిస్తే 15,151. 2,79,94,681ని 441 చే గుణిస్తే 1234,56,54,321. ఇందులో ఒక రహస్యమున్నది. 441 అనేది 21కి వర్గం, 2,79,94,681 అనేది 5,291కి వర్గం. ఈ రెండు మూలాలను గుణిస్తే 1,11,111. ఆ హారం ఊరక దొరికినది కాదు, గుచ్చినవాడు దారం చూసే గుచ్చినాడు. సంఖ్యలను పరిమాణమునుబట్టి గాక గుణమునుబట్టి చూసే దృష్టి గణితసారసంగ్రహంలో ఉన్నది. 1912లో రంగాచార్యులు మద్రాసున ఆ గ్రంథమును పరిష్కరించి ఆంగ్లానువాదంతో ప్రకటించిన నాటి నుండి అది అందరికీ అందుబాటులోనే ఉన్నది.

గణితం మాకెందుకు, మేము సాహిత్య విద్యార్థులమనే వాదన ఒకటి వినబడుతుంది. పద్యం పాఠనిర్ణయమే దానికి సమాధానం. మల్లన అంకెలను భూతసంఖ్యలతో చెప్పినాడు. నాలుగు అనే అంకె నాలుగు చోట్ల రాగా నాలుగు వేర్వేరు మాటలు వాడినాడు: రెండు సముద్రపు పర్యాయాలు, వేదము, బ్రహ్మముఖము. ఏడుకు మూడు చోట్లా పర్వతమే, పేరు మాత్రం మారినది. అంకెలు కుడి నుండి ఎడమకు నడుస్తాయి గనుక పద్యం ఏకస్థానముతో ఆరంభమై మహాశంఖముతో ముగుస్తుంది. అయితే భూతసంఖ్యలలో కొన్ని మాటలు రెండు విలువలు గలవి. సముద్రం సాధారణముగా నాలుగు, కాని సప్తసముద్రాల లెక్కన ఏడుగానూ వాడినవారున్నారు. రంధ్రం నవరంధ్రాలనుబట్టి తొమ్మిది, బోలు అన్న అర్థమున సున్న. ఈ పద్యంలో సముద్రమూ ఉన్నది, రంధ్రమూ ఉన్నది. ఏ విలువ గ్రహించవలెనో నిఘంటువు చెప్పదు.

లేఖకుని పొరపాటు ఇంకొకటి. పద్యమును ఛందస్సు కొంత కాపాడుతుంది. ప్రాసాక్షరం రేఫ గనుక మొదటి పాదాది నున్న శర, రెండవ పాదాదిని విరిగిన భూధర, మూడవ పాదాదిని విరిగిన కుంజర అను మాటలు సులభముగా మారవు. శరకు బదులు రెండును తెలిపే కర అని వ్రాసినచో ప్రాస నిలుస్తుంది గాని యతి చెడుతుంది. యతిస్థానమున ఉండుటచే సాయక, తర్క అను మాటలకూ రక్షణ ఉన్నది. ఇట్లు ఇరవైలో అయిదింటికి కావలి దొరికినది. మిగిలిన పదునైదింటికి గురులఘువుల కావలి తప్ప మరొకటి లేదు, అది చాలదు. వేద అన్న చోట బాణ అని వ్రాసినచో గణం చెడదు, యతిప్రాసలు చెడవు, నాలుగు మాత్రం అయిదు అవుతుంది. షట్క, చంద్ర అను ఇరుగుపొరుగు మాటలు ఒకదాని చోటికి మరొకటి మారినా చెవికి ఏమీ తెలియదు.

ఇక్కడ గణితం అక్కరకు వస్తుంది. తొమ్మిదుల శోధన ద్వితీయార్యభటుని మహాసిద్ధాంతంలో ఉన్నది, పాఠశాల పిల్లలకూ తెలిసినదే. మల్లన సంఖ్యలోని అంకెల మొత్తం 87, తొమ్మిదిచే భాగిస్తే శేషం 6. రెండుకు అరువది నాలుగవ ఘాతమును తొమ్మిదిచే భాగిస్తే శేషం 7, అందులో ఒకటి తీస్తే 6. సరిపోయినది. వేదకు బదులు బాణ వ్రాసినచో శేషం 7 అయి తప్పు బయటపడుతుంది. సముద్రాన్ని ఒక చోట గాని రెండు చోట్ల గాని ఏడుగా తీసుకొన్నా బయటపడుతుంది. కాని షట్క, చంద్ర తారుమారైనచో అంకెల మొత్తం మారదు, శోధన గ్రహించదు. రంధ్రం సంగతి మరీ చిత్రం. సున్నకు తొమ్మిదికి మధ్య తేడా తెలియనిది తొమ్మిదుల శోధనకే, మన సందేహం సరిగ్గా ఆ రెండింటి మధ్యనే.

అప్పుడు పదునొకటి శోధన కావలెను. కుడి నుండి బేసి స్థానాల అంకెల మొత్తం 62, సరి స్థానాల మొత్తం 25, భేదం 37, పదునొకటిచే భాగిస్తే శేషం 4. రెండుకు అరువది నాలుగవ ఘాతం పదునొకటిచే భాగింపగా శేషం 5, ఒకటి తీస్తే 4. రంధ్రం ఏడవ స్థానమున ఉన్నది. దానిని సున్నగా తీసుకొన్నచో భేదం 28, శేషం 6, అది తప్పు. కాబట్టి ఇక్కడ రంధ్రం తొమ్మిదే. షట్క, చంద్ర తారుమారైతే భేదం 27, శేషం 5, అదీ దొరికిపోయినది. మొత్తం గుణించి చూచుకొనవచ్చును గదా, ఈ శ్రమ ఎందుకని అడుగవచ్చు. ఈ ఒక్క పద్యానికి అది నిజమే. కాని తాళపత్రాలలో ఉన్న గణితజ్యోతిష గ్రంథాలలో సంఖ్యలు వేలు. యుగభగణాలు, దినగణాలు, లెక్కల దత్తాంశాలు, అన్నీ ఈ భూతసంఖ్యలలోనే ఉన్నవి. పరిష్కర్తకు ఒక ప్రతిలో వేద, మరొక ప్రతిలో బాణ కనిపించినప్పుడు ఏది గ్రాహ్యమో చెప్పడానికి అర్థౌచిత్యం పనికిరాదు. అంకెకు ఔచిత్యం లేదు, సరిపోవడమో సరిపోకపోవడమో మాత్రమే ఉన్నది. సంఖ్యను పరీక్షించని పరిష్కరణం పాఠాంతరాలను అధోజ్ఞాపికలో పేర్చి పాఠకుని మీద భారం వేయడమే.

ఈ పనికి తిరుపతి కంటె తగిన ఊరు అరుదు. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించి, తరువాత శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భాగమైన ప్రాచ్యపరిశోధన సంస్థ ఇక్కడనే ఉన్నది. 1961లో కేంద్రీయ సంస్కృత విద్యాపీఠముగా వెలసి, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన సంస్థలో జ్యోతిషమూ బోధిస్తారు, సాహిత్యమూ బోధిస్తారు. దేవస్థానం ప్రాచ్యకళాశాల ఉన్నది. చిత్తూరు జిల్లా కుప్పంలో 1997 నుండి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నది. ఛందస్సు తెలిసినవారు, గణితం తెలిసినవారు, లిపి తెలిసినవారు ఒకే సీమలో ఉన్నారు. అయినా సాహిత్య విద్యార్థి ఉద్దిష్టమును పరీక్ష కోసం వల్లించి వదలివేస్తాడు. జ్యోతిష విద్యార్థి మల్లన పేరు వినకుండానే పట్టం పుచ్చుకొంటాడు. గణితశాస్త్ర విద్యార్థికి ఆ పద్యం చదవడానికి తెలుగు చాలదు. పూర్వం లెక్కలను తెలుగులో తమ అవసరం కోసం నేర్చి వాడుకొన్న వర్గం ఒకటి ఉండేది. వీసము, కాణి, పరక నోటి మీద నడిపించిన గ్రామకరణాలు వారు. ఆ వ్యవస్థ 1984లో రద్దయినది. దానిలోని మంచిచెడ్డల విచారణ ఇక్కడ అప్రస్తుతం. తెలుగు గణితానికి నిత్యావసరంగల పాఠకులు పోయినారన్నది మాత్రం వాస్తవం. ఇక మిగిలినది కళాశాలలే.

పాఠం లేని చోట కథలు చేరుతాయి. ఇదే సంఖ్య గురించి కాశీక్షేత్రంలో బ్రహ్మ నిలిపిన స్తంభం, దానికి 64 బంగారు బిళ్లలు, వాటిని ఒక స్తంభం నుండి మరొక స్తంభానికి మార్చే పూజారులు, మార్పు పూర్తికాగానే ప్రళయం అను గాథ ఒకటి ప్రాచీనమైనదిగా మనవారే చెప్పుకొంటున్నారు. అది 1883లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా వెలువరించిన ఆటతో పాటు ప్రచారమైన కల్పన. క్షణకాలం వృథా కాకుండ సెకనుకు ఒక బిళ్ల చొప్పున మార్చినా ఆ పని ముగియడానికి సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు కావలెను. కల్పం 432 కోట్ల సంవత్సరాలు. అనగా 135 కల్పాలు గడిచినా పూజారుల పని తెమలదు. ప్రతి కల్పాంతమునా ప్రళయమని చెప్పే పురాణానికి, పని ముగిసిన తరువాతనే ప్రళయమనే ఈ కథకు పొంతన లేదు. నిత్యం సంకల్పంలో శ్వేతవరాహ కల్పమును స్మరించే తిరుపతిలో ఈ పాటి భాగహారం చేసి చూడకుండ ఆ గాథను మనదిగా చెప్పుకొనడం సబబు కాదు.

చేయవలసినది పెద్ద పథకం కాదు. ఛందస్సు పత్రంలో షట్ప్రత్యయాల అధ్యాయం ఇప్పటికే ఉన్నది. దానికి మల్లన పద్యమును ఉదాహరణముగా చేర్చి, ఉద్దిష్టం వేయించి, ఆరు వర్గాలతో సంఖ్యను సాధింపజేసి, తొమ్మిది, పదునొకటి శోధనలతో పాఠం నిర్ణయింపజేయవచ్చు. దీనికి రెండు తరగతుల కాలం చాలును. తాళపత్ర పరిష్కరణం చేపట్టే పరిశోధకుడు తన గ్రంథంలోని ప్రతి భూతసంఖ్యకు అంకెల విలువను, అది లెక్కకు సరిపోయినదా లేదా అన్న సంగతిని పీఠికలో పట్టికగా ఇవ్వవలెనని పర్యవేక్షకులు నియమం పెట్టవచ్చు. పరీక్షాపత్రంలో ఒక ప్రశ్న ఇట్లు ఉండవచ్చు: ఈ పద్యంలో రంధ్ర శబ్దమునకు విలువ సున్నయా, తొమ్మిదియా, సకారణముగా నిరూపింపుము.